చిరునామాలో దాగిన వింత: 531116

లంబసింగి మంచు చూడాలని బయల్దేరినవాళ్లు నర్సీపట్నంలో ఒక టీ తాగి ఘాట్ రోడ్డు ఎక్కేస్తారు. చింతపల్లి కాఫీ తోటలకు వెళ్లేవాళ్లకైనా, కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధికి దండం పెట్టుకుని రావాలనుకునేవాళ్లకైనా, నాతవరం వైపు తాండవ జలాశయం కట్ట మీద ఒక సాయంత్రం గడపాలనుకునేవాళ్లకైనా ఇదే కూడలి. మైదానం ఇక్కడ ఆగుతుంది, తూర్పు కనుమలు ఇక్కడినుంచి లేస్తాయి. మన్యానికి ముఖద్వారమని ఊరికి పేరు. అందుకేనేమో, చూడదగ్గవన్నీ గుమ్మం అవతలే ఉన్నాయనుకుని అందరూ గుమ్మం దాటేస్తారు.

నేను చూపించాలనుకున్న వింత గుమ్మం మీదే ఉంది. ఊళ్లో ప్రతి ఇంటి చిరునామా చివర ఉంది. పెళ్లి శుభలేఖ కవరు మీద, బ్యాంకు పాసుపుస్తకం మీద, ఆధార్ కార్డు మీద, కొరియర్ కుర్రాడి చేతిలోని పొట్లం మీద రోజూ కనిపిస్తుంది. రోజూ కనిపిస్తుంది కనకే ఎవరూ చూడరు. ఆ వింత పేరు 531116.

పిన్ కోడ్‌ని తీసుకొచ్చి ప్రకృతి వింతల్లో చేర్చడమేమిటని అడగవచ్చు. ఆ ఆరంకెలను ఊరికి తగిలించింది తపాలా శాఖ, నిజమే. కాని ఆ సంఖ్య లోపల ఏముందో దాన్ని ఏ శాఖా నిర్ణయించలేదు, ఏ అధికారీ సంతకం పెట్టలేదు. నర్సీపట్నం పుట్టకముందు, తూర్పు కనుమలు లేవకముందు కూడా 531116 లోపల అదే నిర్మాణం ఉంది. మనిషి చెయ్యి పడకుండా ఉన్నదాన్నే కదా ప్రకృతి అంటున్నాం! కొండను చూడటానికి కాళ్లు కావాలి. దీన్ని చూడటానికి ఒక తెల్లకాగితం, పెన్సిలు చాలు.

ముందు ఈ సంఖ్య ఊరికి ఎలా చేరిందో చూద్దాం. మన దేశంలో పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. ఒకే పేరుతో పది ఊళ్లు, రాష్ట్రానికో లిపి, అర్థం కాని చేతిరాతలు, వీటితో ఉత్తరాలు దారి తప్పుతుంటే కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో ఉన్నతాధికారిగా ఉన్న శ్రీరామ్ భికాజీ వేలంకర్ ఆరంకెల పద్ధతిని రూపొందించారు. మొదట ఉన్న 5 చూడగానే ఉత్తరం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల వైపు మళ్లుతుంది. 531 చూడగానే అనకాపల్లి వైపు పల్లెల కట్టలోకి చేరుతుంది. చివరి 116 నర్సీపట్నం తపాలా కార్యాలయం. వేలంకర్ సంస్కృత కవి, నాటకకర్త కూడా. ఆ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఐదు లక్షల ముప్పై ఒక్క వేల నూట పదహారు అంటే ఎంత? తాండవ కాలువ కింద వరి చేను గట్టు మీద నిలబడితే తెలుస్తుంది. ఊడ్పుల్లో వరుసకీ వరుసకీ మధ్య 20 సెంటీమీటర్లు, దుబ్బుకీ దుబ్బుకీ మధ్య 15 సెంటీమీటర్లు వదిలితే చదరపు మీటరుకు 33 దుబ్బులు పడతాయి. ఆ లెక్కన 531116 దుబ్బులు నాటడానికి నాలుగెకరాలకు కాస్త తక్కువ నేల కావాలి. గట్టు మీదనుంచి ఒక్క చూపులో అందే చేను అది. అదే చేనులో దిగి సెకనుకొకటి చొప్పున లెక్కపెడితే, తిండీ నిద్రా మానేసినా, ఆరు రోజుల మూడున్నర గంటలు పడుతుంది.

ఇక లోపలికి వెళ్దాం. చివరి రెండంకెలు 16 కాబట్టి సంఖ్య నాలుగుతో తెగుతుంది. భాగిస్తే 132779 వస్తుంది. చూడగానే ఇది మొండి సంఖ్యలా అనిపిస్తుంది. ఒక్కో ప్రధాన సంఖ్యతో తట్టి చూడాలి. 3తో తట్టితే శేషం 2. 5తో 4. 7తో 3. 11తో 9. 13తో 10. 17తో మళ్లీ 9. 19తో 7. ఏదీ లోపలికి పోదు. ఇక ఇది కూడా ప్రధాన సంఖ్యేనేమో, ఆపేద్దామా అనిపించే చోట 23 వస్తుంది. 23తో భాగిస్తే శేషం సున్నా, భాగఫలం 5773. ఒకసారి తెగిన చోట మళ్లీ తట్టి చూడటం మంచి అలవాటు. 5773ని మళ్లీ 23తో భాగించండి. మళ్లీ శేషం సున్నా! భాగఫలం 251. దాని దగ్గర దారి ఆగిపోతుంది. 2, 3, 5, 7, 11, 13 వేటికీ 251 లొంగదు. 17 వర్గం 289, అప్పటికే 251 దాటిపోయింది కాబట్టి ఇంకా ముందుకు వెతకనక్కర్లేదు. 251 ప్రధాన సంఖ్య.

అంటే నర్సీపట్నం సంఖ్య రెండు 2లు, రెండు 23లు, ఒక 251 కలిసి గుణించుకున్న ఫలితం. రెండుతో ఇరవై మూడును గుణిస్తే 46. కాబట్టి 531116 అంటే 46 వర్గాన్ని 251తో గుణించినది. మన నాలుగెకరాల చేనును 251 మళ్లుగా విడదీసి, ఒక్కో మడిలో 46 వరుసలు, వరుసకు 46 దుబ్బులు నాటితే ప్రతి మడీ సమ చతురస్రపు లెక్కతో నిండుతుంది. ఒక్క దుబ్బు మిగలదు, ఒక్కటి చాలకపోదు. 23 వర్గమైన 529తో శేషం లేకుండా తెగేది వరసగా తీసుకున్న 529 సంఖ్యల్లో ఒక్కటే ఉంటుంది. ఆ ఒక్కటి ఈ ఊరికి దక్కింది.

ఇప్పుడు చివరి నాలుగంకెలు చూడండి: 1116. తెలుగువాళ్లకు ఈ అంకెలు చూస్తే చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. పెళ్లి చదివింపుల్లో, పురోహితుడి సంభావనలో, గుడి విరాళాల రాతిపలకల మీద నూట పదహార్లు, వెయ్యి నూట పదహార్లు మనకు ఎంత పాత చుట్టాలో! ఐదు లక్షల ముప్పై వేలు పక్కన పెడితే నర్సీపట్నం చిరునామాలో మిగిలేది వెయ్యి నూట పదహార్లే. ఆ సంఖ్యలను కూడా విప్పి చూద్దాం. 116 అంటే 2 వర్గం ఇంటూ 29. 1116 అంటే 6 వర్గం ఇంటూ 31. 531116 అంటే 46 వర్గం ఇంటూ 251. మూడింటికీ ఒకే పోలిక: ఒక వర్గం, దాని పక్కన ఒకే ఒక్క ప్రధాన సంఖ్య. పైగా 29, 31 రెండే అంకెల ఎడం ఉన్న కవల ప్రధానాలు. ఈ పోలికను ఎవరూ కుదర్చలేదు. తీసి చూసేవాళ్ల కోసం అలా ఉండిపోయింది.

ఇంటి పునాదిరాళ్లను ఒక్కొక్కటిగా పరీక్షించినట్టు 23నీ 251నీ విడిగా చూడాలి. రెండూ పేరున్న సంఖ్యలే. ఇంగ్లండు గణితవేత్త ఎడ్వర్డ్ వేరింగ్ 1770లో ఒక మాటన్నాడు. ఏ పూర్ణసంఖ్యనైనా తొమ్మిదికి మించని ఘనాల మొత్తంగా రాయవచ్చని. 1, 8, 27, 64, 125, ఇవీ ఘనాలు. చాలా సంఖ్యలకు నాలుగైదు ఘనాలు చాలు. మొత్తం తొమ్మిదీ కావాల్సినవి అనంతమైన సంఖ్యల్లో రెండంటే రెండే ఉన్నాయని 1939లో అమెరికా గణితవేత్త లియొనార్డ్ డిక్సన్ నిరూపించాడు. ఒకటి 239. రెండోది 23. ఎలాగో చూడండి: 27 పట్టదు కాబట్టి 8లే వాడాలి, రెండు 8లు పోతే 16, మిగిలిన ఏడింటికీ ఏడు 1లు. రెండూ ఏడూ తొమ్మిది. ఇంతకంటే తక్కువలో 23 ఒదగదు. లెక్కకు తొమ్మిది ఘనాలు అడిగే ఆ మొండి 23 నర్సీపట్నం చిరునామాలో రెండుసార్లు కూర్చుంది.

251 స్వభావం దీనికి పూర్తిగా వేరు. దానికి మూడు ఘనాలు చాలు, అది కూడా రెండు దారుల్లో. 1, 125, 125 కూడితే 251. 8, 27, 216 కూడినా 251. అంటే 1, 5, 5ల ఘనాలు ఒక దారి. 2, 3, 6ల ఘనాలు ఇంకో దారి. మూడు ధన ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగలిగిన సంఖ్యల్లో అన్నిటికంటే చిన్నది ఇదే. రామానుజన్ మాటతో 1729 ఎలా లోకప్రసిద్ధమైందో మనకు తెలుసు. లండన్‌లో జబ్బుపడి ఉన్న రామానుజన్‌ను చూడటానికి గణితవేత్త హార్డీ వచ్చి, తాను ఎక్కిన టాక్సీ నంబరు 1729 అనీ, అందులో విశేషమేమీ లేదనీ అన్నాడు. రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగలిగిన సంఖ్యల్లో అదే అతి చిన్నదని రామానుజన్ మంచం మీదనుంచే చెప్పాడు. 1, 12 ఒక జత. 9, 10 ఇంకో జత. రెండు ఘనాలకు 1729 ఎంతో, మూడు ఘనాలకు 251 అంత. రామానుజన్‌కు టాక్సీ మీద దొరికినదానికి తోబుట్టువు మనకు ఉత్తరం కవరు మీద దొరికింది.

ఈ రకం లెక్కలు ఈ ప్రాంతానికి కొత్త కూడా కాదు. సంఖ్యాశాస్త్రంలో దిగ్గజం సర్వదమన్ చౌలా 1933 నుంచి 1936 వరకు వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం బోధించాడు. వేరింగ్ సమస్య మీద గణితవేత్త ఎస్.ఎస్. పిళ్లైతో కలిసి పనిచేసినవాడు ఆయన. సంఖ్యలను ఘనాలుగా, ఘాతాలుగా విప్పే చూపు ఒకప్పుడు నర్సీపట్నానికి దగ్గరలోనే, సముద్రం ఒడ్డున ఉన్న ఆ గదుల్లో పనిచేసింది.

వర్గాల సంగతి కూడా చెప్పి ముందుకు వెళ్తాను. 531116ను రెండు వర్గాల మొత్తంగా ఎంత వెతికినా రాయలేం. నాలుగుతో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్య బేసిసార్లు కారణాంకంగా ఉంటే అది కుదరదు. ఇక్కడ 251 అలాంటిది, ఒక్కసారే వచ్చింది. మూడు వర్గాలైతే కుదురుతుంది, ఎంతో అందంగా కుదురుతుంది. 7, 9, 11 వరస బేసి సంఖ్యలు. వాటి వర్గాలు 49, 81, 121. కూడితే సరిగ్గా 251. ఆ మూడింటినీ 46తో హెచ్చిస్తే 322, 414, 506. ఆ మూడింటి వర్గాల మొత్తం 531116. ఒక్కసారి వేసి చూసుకోండి: 103684, 171396, 256036.

పక్కింటి తలుపు కూడా తట్టకుండా ఉండలేకపోయాను. ఒకటి తీసేస్తే 531115. అది 5, 13, 8171ల లబ్ధం, చెప్పుకోదగ్గదేమీ లేదు. ఒకటి కలిపితే 531117. దాన్ని విప్పితే 79, 81, 83 వచ్చాయి. మూడు వరస బేసి సంఖ్యల లబ్ధం! 81 ఘనం 531441. అది 3ను పన్నెండుసార్లు గుణించిన సంఖ్య కూడా. అందులోంచి 81కి నాలుగింతలు, అంటే 324 తీసేస్తే 531117. మన ఊరి సంఖ్య ఆ మూడింటి లబ్ధానికి సరిగ్గా ఒక మెట్టు కింద నిలబడింది. ఒకదానికొకటి ఆనుకుని ఉన్న సంఖ్యలకు 1 తప్ప ఒక్క ఉమ్మడి కారణాంకం కూడా ఉండదు. ఇరుగుపొరుగు ఇళ్లే, లోపల ఒక్క రాయి కూడా ఒకే గని నుంచి రాలేదు.

ఇంతకంటే ఎంతో పెద్ద సంఖ్యను తెలుగువాళ్లు ఒకప్పుడు పద్యంలో పొదిగారు. చదరంగం పలక మీద మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ 64 గళ్లూ నింపితే మొత్తం ఎంత అన్న లెక్కకు తెలుగులో ఒక చంపకమాల ఉంది. జవాబు 18446744073709551615. ఇరవై అంకెల ఆ సంఖ్యను పద్యం అంకెలతో చెప్పదు. కొండ అంటుంది, అంటే 7. సముద్రం అంటుంది, అంటే 4. ఆకాశం అంటే 0, అగ్ని అంటే 3, ఏనుగు అంటే 8, చంద్రుడు అంటే 1. బాణంతో మొదలై చంద్రుడితో ముగిసే ఆ వరుసను కుడినుంచి ఎడమకు రాసుకుంటూ పోతే సంఖ్య తయారవుతుంది. మన పెద్దలు సంఖ్యను ప్రకృతితోనే రాశారు. ఆ పద్ధతిలో నర్సీపట్నాన్ని రాస్తే రస, శశి, భూ, చంద్ర, అగ్ని, బాణ. కుడినుంచి వేసుకోండి, 531116 వస్తుంది.

గ్రాముకు 40 గింజల లెక్కన ఆ చదరంగం బియ్యం 46 వేల కోట్ల టన్నులు దాటుతాయి. ఇప్పుడు లోకమంతా కలిసి ఏటా పండిస్తున్న బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు. దాదాపు తొమ్మిది వందల ఏళ్ల పంట! ఆ మహాసంఖ్యను విప్పితే 3, 5, 17, 257, 641, 65537, 6700417 వస్తాయి. అన్నీ ప్రధానాలే. వీటిలో 3, 5, 17, 257, 65537లు గణితవేత్త ఫెర్మా మెచ్చుకున్న సంఖ్యలు. ఆ వరుసలో తర్వాతిదైన 4294967297 కూడా ప్రధాన సంఖ్యేనని ఆయన నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో విరిచి చూపించాడు. మన పద్యంలోని సంఖ్య లోపల ఆ చరిత్రంతా ఇమిడి ఉంది. చదరంగంలో ఇరవయ్యో గడికి 524288 గింజలు వస్తాయి. నర్సీపట్నం సంఖ్య ఆ గడిని కొద్దిగా దాటింది. అలా కొద్దిగా దాటడమే ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటికి దారి తీసింది.

రెట్టింపు లెక్క మన ఛందస్సుకు ప్రాణం. అక్షరం గురువైనా కావాలి, లఘువైనా కావాలి. ఒక్క అక్షరానికి రెండు రూపాలు, రెండక్షరాలకు నాలుగు, మూడక్షరాలకు ఎనిమిది, అవే మన మ, య, ర, స, త, జ, భ, న గణాలు. ఇరవై అక్షరాల పాదానికి 10,48,576 రూపాలు. ఇరవై అక్షరాల ఛందస్సు పేరు కృతి. ఆ రూపాలన్నీ ఒక క్రమంలో రాసుకుంటూ పోవడం ప్రస్తారం. ఆ పట్టికలో ప్రతి వృత్తానికీ ఒక వరుస సంఖ్య ఉంటుంది. పద్యాలకు కూడా చిరునామా సంఖ్యలున్నాయన్నమాట! ఉత్పలమాల కృతి ఛందస్సులో 355799వది. మత్తేభం 298676వది.

అలాంటప్పుడు 531116వ వృత్తం ఏది? పట్టిక మొత్తం రాయనక్కర్లేదు. వరుస సంఖ్య ఇస్తే రూపం రాబట్టే పద్ధతి ఒకటి మన ఛందశ్శాస్త్రంలో ఉంది, దాని పేరు నష్టం. సరిసంఖ్య అయితే లఘువు రాసి సగం చెయ్యాలి. బేసిసంఖ్య అయితే గురువు రాసి, ఒకటి కలిపి సగం చెయ్యాలి. అంతే. 531116 సరి, లఘువు. సగం 265558, మళ్లీ లఘువు. సగం 132779. కారణాంకాలు తీసేటప్పుడు మనల్ని అంతసేపు తట్టించిన సంఖ్యే ఇది! ఇది బేసి, గురువు. ఒకటి కలిపి సగం చేస్తే 66390, లఘువు. 33195, గురువు. 16598, లఘువు. 8299, గురువు. 4150, లఘువు. 2075, గురువు. 1038, లఘువు. 519, గురువు. 260, లఘువు. 130, లఘువు. ఆ తర్వాత 65, 33, 17, 9, 5, 3. ఆరూ బేసి సంఖ్యలే, ఆరు గురువులు. చివర 2, లఘువు. ఇరవై అక్షరాలు పూర్తయ్యాయి. ఆ చివరి మెట్ల మీద ఇందాకటి 17, 5, 3 మళ్లీ కనిపించడం గమనించారా?

గణాలుగా విడదీస్తే స, జ, ర, జ, య, మ, గల. మొదటి రెండు లఘువుల తర్వాత గురువు, లఘువు, గురువు, లఘువు అంటూ పన్నెండో అక్షరం దాకా ఒకే ఊపు. పదమూడో అక్షరం ఇంకో లఘువు. అక్కడినుంచి ఆరు గురువులు వరసగా లేచి నిలబడతాయి. అనకాపల్లినుంచి పొలాల మధ్య సాగి వచ్చిన రోడ్డు నర్సీపట్నం దాటగానే కనుమలు ఎక్కినట్టే ఉంది నడక. చివర ఒక లఘువు. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం అన్నీ గురువుతో ముగుస్తాయి. ఇది లఘువుతో ముగిసి, తర్వాతి పాదంలోని లఘువుల్లోకి జారిపోతుంది. నడక ఎలా ఉంటుందో వినాలని ఒక పాదం అల్లాను:

చలి కొండగాలి తాకి చేను తూగి వరాలే పండే నీరెండ

యతి ఎక్కడ పెట్టాలో, ప్రాస ఎలా నడపాలో పద్యం చేతిలో ఉన్నవాళ్లు తేల్చాలి. నాకు ఆ ఆరు గురువులు వినిపించాయి, చాలు. పిన్ కోడ్ రూపొందించిన వేలంకర్ సంస్కృతంలో కవిత్వం చెప్పినవాడు. గురులఘువులతో పొద్దుపుచ్చిన మనిషి దేశానికి ఇచ్చిన సంఖ్యలను గురులఘువులుగా చదవడంలో ఒక న్యాయం ఉంది.

అక్షరాలు కాక మాత్రలు లెక్కపెడితే ఇంకో వరుస వస్తుంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఒక మాత్రకు ఒకే రూపం, రెండు మాత్రలకు రెండు, మూడు మాత్రలకు మూడు, నాలుగింటికి ఐదు, ఐదింటికి ఎనిమిది, ఆరింటికి పదమూడు. ముందున్న రెండూ కూడితే తర్వాతిది. విరహాంకుడు, హేమచంద్రుడు ఛందస్సులో కనిపెట్టిన ఈ వరుసకే ఫిబొనాచీ పేరు లోకంలో నిలిచింది. మన్యంనుంచి దిగిన అనాసకాయను చేతిలోకి తీసుకుని దాని కళ్లు ఏటవాలుగా తిరిగే వరుసలు లెక్కపెట్టండి. ఒక వైపు ఎనిమిది, ఇంకో వైపు పదమూడు కనిపిస్తాయి. ఎదిగే మొగ్గ చుట్టూ ఒక్కో కన్నూ ఎక్కువ చోటు దొరికే దిక్కున పుడుతూ పోవడం వల్ల ఆ సంఖ్యలు వస్తాయి. నర్సీపట్నం సంఖ్యను ఈ వరుస సంఖ్యలతో కట్టాలంటే ఎనిమిది కావాలి: 514229, 10946, 4181, 1597, 144, 13, 5, 1. చదరంగం గళ్లతో కట్టినా ఎనిమిదే గళ్లు: 3, 4, 6, 8, 10, 12, 13, 20. ఆ ఎనిమిది గళ్లలోని గింజలు కూడితే 531116, ఒక్క గింజ అటూ ఇటూ కాదు.

ఇక మీ ఊరి సంగతి. 524288 దాటిన పిన్ కోడ్‌లన్నిటికీ ఇరవై అక్షరాలు పడతాయి. విశాఖ 530001, శ్రీకాకుళం 532001, రాజమండ్రి 533101, ఏలూరు 534001 అన్నీ ఉత్పలమాల, మత్తేభాల కుటుంబంలోనివే. 524288, అంతకంటే తక్కువైతే పంతొమ్మిది అక్షరాలు చాలు. ఆ ఛందస్సు అతిధృతి, అందులో 149337వది శార్దూలం. హైదరాబాదు 500001, కర్నూలు 518001, విజయవాడ 520001, గుంటూరు 522001 అన్నీ శార్దూలం కుటుంబం. సరిహద్దు నెల్లూరు జిల్లా మధ్యనుంచి పోతుంది. కావలి 524201 శార్దూలం వైపు, ముత్తుకూరు 524344 ఉత్పలమాల వైపు. ఏ తెలుగు ఊరూ ఇరవై ఒక్క అక్షరాల చంపకమాల కుటుంబంలోకి రాదు. ఆరంకెల్లో అంత పెద్ద సంఖ్య లేదు.

లెక్కల మాస్టార్లనూ తెలుగు పండితులనూ ఒక కోరిక కోరుతున్నాను. ఒక పీరియడు ఇద్దరూ కలిసి ఒకే తరగతిలో నిలబడండి. ఊరి పిన్ కోడ్‌ను నల్లబల్ల మీద రాయండి. పిల్లల చేత ముందు కారణాంకాలు తీయించండి, తర్వాత సగాలు చేయించి గురులఘువులు పెట్టించండి, గణాలు కట్టించండి. పద్యం రాయగల పిల్లవాడో పిల్లో ఉంటే తమ ఊరి వృత్తంలో ఒక పాదం రాస్తారు. రాకపోయినా నష్టం లేదు, తమ ఊరి సంఖ్య లోపల ఏముందో వాళ్లకు తెలుస్తుంది. దీనికి పుస్తకం కొననక్కర్లేదు, కంప్యూటరు అక్కర్లేదు. భాగహారం వస్తే చాలు.